పీడనానికి రెండు మార్కులు

మొన్న మనవరాలి సైన్సు పేపరు చూసిన దగ్గర్నుంచి నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. జడత్వం అంటే ఏమిటని అడిగితే ఆ పిల్ల, జల్‌పల్లిలో మా ఇంటి నుంచి బడికి తీసుకెళ్ళే ఆటో గుంతల దగ్గర ఠక్కున ఆగినప్పుడు ఆటో ఆగుతుంది గానీ మేం ఆగం, ముందుకు తూలుతాం, కదులుతున్నది కదులుతూనే ఉండాలని చూస్తుంది, అదే జడత్వం అని రాసింది. ఇంతకన్నా చక్కగా ఎవరు చెప్పగలరు? రెండు మార్కుల ఆ ప్రశ్నకి సున్నా! పుస్తకంలో ఉన్నట్టు రాయలేదట. చదువు చెప్పమని పంపితే పిల్లల బుర్రలకు తాళాలు వేస్తారా అని ఇంట్లో అందరి మీదా అరిచాను. అరుస్తూ ఉండగానే నా గొంతు తగ్గిపోయింది, ఎందుకంటే సరిగ్గా అలాంటి సున్నా ఒకప్పుడు నా చేత్తో నేనే వేశాను.

అప్పటికి నేను కోస్తా నుంచి వచ్చి, మొఘల్‌పురాలో ఒక తెలుగు మీడియం బడిలో సైన్సు టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. మన రోజుల్లో నిర్వచనం అంటే మంత్రమే కదా, ఒక్క మాట జారినా దోషమే. మా బడిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి నిర్వచనంలో మూడు మాటల కింద గీతలు గీసి పెట్టుకునేవాళ్ళం, పిల్లల జవాబులో ఆ మాటలుంటే మార్కులు, లేకపోతే సున్నా. నిజం చెప్పాలంటే మేం జవాబులు చదివేవాళ్ళం కాదు, మాటలు వెతికేవాళ్ళం. అందరికన్నా ముందే నా పేపర్ల కట్ట దిద్దేశానని స్టాఫ్‌రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

పీడనానికి ఆ మూడు మాటలు ప్రమాణ వైశాల్యం, లంబం, బలం. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఏడాది పరీక్షలో వాటిలో ఒక్కటీ రాయలేదు. వాళ్ళమ్మ కిషన్‌బాగ్ వైపు కట్టే ఇళ్ళకు ఇటుకలు మోసేది. పాత చీరముక్కను మెలిపెట్టి చుట్టగా చేసి తల మీద పెట్టుకుంటారే, ఆ చుట్టబట్ట గురించి రాసింది ఆ పిల్ల. ఇటుకలు ఎప్పుడూ అన్నే, కానీ చుట్టబట్ట లేకపోతే బరువంతా ఒక్కచోటే దిగి అమ్మ తల పగిలిపోతుంది, ఉంటే అదే బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, ఒక్కో చోట ఎంత పడుతుందన్నదే పీడనం అంది. రెండు మార్కులకు నేను సున్నా వేశాను. ఆ రెండు మార్కులు తక్కువై ఆ పిల్ల తప్పింది.

ఫలితాలు చెప్పిన మర్నాడు తల్లి పని మధ్యలోంచే వచ్చి స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. జుట్టు నిండా ఇటుకపొడి, చేతిలో చుట్టబట్ట. బిడ్డ తన జవాబు ఆమెకు వివరంగా చెప్పినట్టుంది.

“టీచరమ్మా, నా బిడ్డ రాసింది అబద్ధమా? ఇగో, ఇది లేకుంట నాలుగు ఇటుకలు మోసి సూడుండ్రి, మీకే ఎర్కైతది. మల్లొక్క ఏడు సదివిచ్చుడు నాతోని కాదు. మీరు తప్పంటే ఇగ నా ఎంబడి పనికొస్తది.”

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజమని నాకు ఆ క్షణమే తెలుసు. పేపరు పట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఒకళ్ళకి కలిపితే రేపు అందరూ వస్తారు, నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు గుర్తుంచుకోమన్నారు. అంతే, తిరిగొచ్చి, ఇది నియమం, నేనేం చేయలేనని ఆ తల్లికి చెప్పాను. ఎంత పిరికిదాన్ని! సెలవుల తర్వాత బడి తెరిస్తే ఆ పిల్ల రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అందుకే మనవరాలి విషయంలో ఊరుకోదలచుకోలేదు. సోమవారం ఆ పేపరు తీసుకుని వాళ్ళ బడికి వెళ్ళాను. టీచరు మా చిన్న కోడలి వయసు అమ్మాయి, ఫోనులో జవాబుల పట్టిక తీసి చూపించింది. “ఈ పదాలు లేకుంటే మార్కులు వెయ్యొద్దన్నరు మేడమ్, నేనేం చెయ్యాలె?” అని బిక్కమొహం వేసింది. ఇంతలో ప్రిన్సిపాలు వచ్చి, నేను రిటైరైన సైన్సు టీచరునని తెలుసుకుని, లోపలికి పిలిచి కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, అయిదు నిమిషాల్లో రెండు మార్కులూ కలిపించారు.

ఇంటికొచ్చి చెబితే మనవరాలు ఎగిరి గంతేసింది. నాకు మాత్రం చాయ్ చేదు నోట్లోంచి పోలేదు. మన కాలంలో గీతలు గీసిన పుస్తకం, ఇప్పుడు ఫోను. మారిందల్లా అదే. ప్రిన్సిపాలు ఆ జవాబు చదవనే లేదు, నన్ను చూసి మార్కులు వేశారు. ఆనాడు ఆ తల్లి కూడా తన బిడ్డ కోసం నన్ను అడిగింది ఆ రెండు మార్కులే. ఆమెను నేను కనీసం లోపలికి రమ్మనలేదు.