నూకరాజుకి పంపిన కెరటాల చప్పుడు

2023 వేసవి. విశాఖ ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నాకో చిన్న గది ఉంది. అక్కడ కూర్చునే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గర మందులుండవు. భయమో కోపమో దిగులో మనిషిని ముంచెత్తినప్పుడు ఆ పది నిమిషాలూ ఎలా గట్టెక్కాలో నేర్పిస్తాను, అంతే.

ఆ ఏప్రిల్లో పైడితల్లి ఫోన్ చేసింది. తగరపువలసలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె భర్త నూకరాజు వేట బోటులో కలాసీ, అంటే వల వేసి లాగే మనిషి. ఇద్దరి పేర్లూ మార్చాను.

“మా ఆయనకి సముద్రం కాడికెల్తే గుండె పట్టీసినట్టయిపోతంది మేడమ్. ఈసీజీ తీయించినాం, బాగానే ఉందన్నారు. మీలాంటోల కాడికి రమ్మంటే పిచ్చోడంటారని సిగ్గు. ఫోన్లోనైతే మాటాడతానన్నాడు.”

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధానికి ముందు, ఆఖరి వేటలో అతని కాలికి తాడు చుట్టుకుంది. నీళ్లలో పడి వల కింద చిక్కుకున్నాడు. తోటివాళ్లు పైకి లాగారు. ఒంటిమీద గీత కూడా పడలేదు గానీ, అప్పట్నుంచీ పానిక్ అటాక్‌లు. ప్రమాదం ఏమీ లేకపోయినా ఒళ్లు మాత్రం ప్రాణం పోతున్నట్టు గింజుకోవడం అన్నమాట. రెండు నెలలు వేట బంద్ కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియలేదు. జూన్‌లో బోట్లు కదిలే రోజు అతను ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పదహారేళ్ల వయసునుంచీ అతనికి వచ్చిన పని అదొక్కటే.

మొదటి సెషన్ బాగానే జరిగింది. వీడియో కాల్‌లో, తన డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, అడిగినదానికల్లా “అవునండి” అన్నాడు. చివర్లో నేనొక ఘనకార్యం చేశాను. బీచ్ రోడ్డులో నేనే రికార్డు చేసుకున్న ఎనిమిది నిమిషాల రిలాక్సేషన్ ఆడియో ఒకటుంది. కెరటాల చప్పుడు, మధ్యమధ్యలో ఊపిరి ఎలా తీసుకోవాలో నా గొంతు. బ్యాంకు వాళ్లూ, స్టీల్ ప్లాంట్ ఇంజనీర్లూ అది వింటే హాయిగా ఉందనేవారు. నాకూ దానిమీద కాస్త గర్వం ఉండేది. అందరికీ పంపినట్టే అతనికీ వాట్సాప్‌లో పంపేశాను.

మర్నాడు పొద్దున్నే పైడితల్లి ఫోన్ చేసి అందుకుంది. “ఏటండీ మేడమ్ అలాటిది పంపీసారు? సెవిలో ఎట్టుకున్నాడో లేదో, సెమటలు కక్కీసి కూలబడిపోనాడు! నయం సేత్తారనుకుంటే సంపీసేలాగున్నారు!”

చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఏ చప్పుడుకి భయపడి మనిషి నా దగ్గరికొచ్చాడో, అదే తీసుకెళ్లి చెవిలో పోశాను! ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో! నాలాంటివాళ్లకి కెరటాలంటే ఆదివారం సాయంత్రం. అతనికి అది డ్యూటీ. ఆ పాటి జ్ఞానం లేకపోయింది నాకు.

తర్వాతి సెషన్ మొదలవగానే క్షమించమన్నాను.

“మీరేటి సేత్తారండీ, ఒడ్డునుండేవోలు కదా,” అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే నన్ను ఓదారుస్తున్నాడు. నాకు ఇంకా సిగ్గేసింది.

ఈసారి నేను చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. ఈ రెండు నెలలూ ఇంట్లో కూర్చుని చేతులతో ఏం చేస్తున్నారని అడిగాను.

“వల బాగు సేత్తన్నానండి. ఇంకేటుంది?”

“అది చేస్తున్నప్పుడు ఎప్పుడైనా దడ వచ్చిందా?”

“నేదండి.”

“అయితే నాకు నేర్పండి.”

ఫోన్ ట్యాంకుకి ఆనించి, వల ఒళ్లో వేసుకుని, తెగిన కన్ను దగ్గర దారం ఎలా దూర్చాలో, ముడి ఎలా బిగించాలో చూపించాడు. “అవునండి” తప్ప మాట రాని మనిషి ఇరవై నిమిషాలు గడగడా మాట్లాడాడు. దారం దూర్చేటప్పుడు ఊపిరి తీసుకోమన్నాను, ముడి బిగిస్తూ మెల్లగా వదలమన్నాను. మా వృత్తిలో దీన్ని గ్రౌండింగ్ అంటాం. భయం ఎటో లాక్కుపోతున్న మనసుని చేతిలో ఉన్న పనికి తెచ్చి కట్టేయడం.

ఆ తర్వాత మెట్టు మెట్టుగా వెళ్లాం. దీని పేరు గ్రేడెడ్ ఎక్స్‌పోజర్, భయాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేయడం. హార్బర్ గేటు దగ్గర నిలబడ్డాడు, జెట్టీ మీద కూర్చున్నాడు, కట్టేసి ఉన్న బోటు ఎక్కాడు. జేబులో ఎప్పుడూ దారం ముక్క. ఒకరోజు జెట్టీ మీంచి పారిపోయి ఇంటికొచ్చేశాడు. “నా బుట్ట అట్టుకుని ఎండుసేపలమ్ముకో, నాను బోటెక్కుతాను!” అని పైడితల్లి ఆటపట్టించిందట. మర్నాడు మళ్లీ వెళ్లాడు.

జూన్‌లో బోట్లు కదిలాయి. అతనూ ఎక్కాడు. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. అక్కడ దడ వస్తే దిగిపోవడానికి చోటూ ఉండదు. అన్ని రోజులూ నాకు అన్నం సయించలేదు. ప్రతి ఫోన్‌కీ ఉలిక్కిపడ్డాను.

తొమ్మిదో రోజు పొద్దున్న పది గంటలకి ఫోన్ మోగింది. “మేడమ్, నూకరాజునండి. ఒచ్చీసినాను!”

అమ్మయ్య! “దడ వచ్చిందా?”

“రెండో రోజు ఒచ్చిందండి. మీరు సెప్పినట్టే దారం తీసి ముడులేసుకున్నాను. ఒచ్చింది, కాసేపుంది, పోనాది. మా డ్రైవర్ సూసీసి, ఉత్తి దారానికి ముడులేటి బావా అన్నాడు.”

బోటు నడిపే మనిషే చూసేశాడంటే ఇక ఆ చోటు పోయినట్టేనేమో అనుకున్నాను. “మీరేమన్నారు?”

“ఉన్నదున్నట్టు సెప్పీసినాను మేడమ్. ఎగతాళి సేత్తాడనుకున్నాను. ఆడు అటూ ఇటూ సూసి, నాకూ నేర్పు బావా అన్నాడు. ఆడికీ ఉందట, తుపానులో ఇరుక్కున్నప్పట్నుంచీ. ఇంట్లో కూడా సెప్పనేదట!”

ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే. ఇప్పుడు ఎవరొచ్చినా నా దగ్గరున్న ఆడియో పంపే ముందు, మీ చేతులు రోజూ ఏ పని చేస్తాయని అడుగుతాను. వాళ్ల మందు చాలాసార్లు ఆ చేతుల్లోనే ఉంటుంది. నేను చేయాల్సింది దాన్ని వాళ్లకి చూపించడమే.