చేంతాటి గాట్లు

పాత గుంటూరు చరిత్ర మీద అచ్చయిన ఒక పలచటి పుస్తకం మా గ్రంథాలయంలో ఉంది. అట్ట మీద ఫిరంగి బొమ్మ. ఊళ్లో ఆ ఫిరంగి ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు. చివరి పేజీలో, చారిత్రక నడకలో పాల్గొన్న పురప్రముఖులు ఏకగ్రీవంగా ఆమోదించిన స్థలాలంటూ ఒక జాబితా వేశారు. ఆ నడకలో నేనూ ఉన్నాను. నేను ప్రముఖుణ్ణీ కాను, దేన్నీ ఆమోదించనూ లేదు. ఆ జాబితాలో ఉండాల్సిన బావి ఒకటి లేదు. లేకపోవడానికి సగం కారణం ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి, సగం నేను. పుస్తకంలో లేనిది జరగలేదని నమ్మేవాళ్ళు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. అందుకని జరిగినది రాసి పెట్టాలి.

ఇది ఎనభైల్లో మాట. అప్పుడు నేను మిరపకాయల కొట్లో గుమస్తాని. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. బీరువా తర్వాత బీరువా, పై అర నించి కింది అర దాకా చదివాను. జిల్లా గెజిటీరు పై అరలో ఉండేది. దాన్ని దించమంటే అటెండరు విసుక్కునేవాడు కాబట్టి నేనే స్టూలెక్కి దించుకునేవాణ్ణి. కాలేజీలో చదివిన వాళ్ళకు కాలేజీ ఉన్నట్టు నాకు ఆ స్టూలు ఉందని గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

నాకు ఇద్దరు స్నేహితులు. ఒకడు మా కొట్టుకు ఎదురుగా మిషను కుట్టే దర్జీ, సాయిబు. ఎదుటివాణ్ణి చూడగానే చొక్కా కొలతా, మనసు కొలతా రెండూ తీసేవాడు. రెండోవాడు మిషన్ స్కూల్లో మాస్టారు. వాళ్ళమ్మ పత్తి ప్రెస్సులో బేళ్ళు కట్టే కూలీగా ఒళ్ళు అరగదీసుకుని అతన్ని చదివించింది. ఆ ప్రెస్సు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. ఆ సందు మధ్యలో ఉంది నేను చెప్పే బావి.

మాస్టారి తాతల కాలంలో ఆ సందు జనానికి పెద్ద వీధి బావిలో చేద వెయ్యడానికి వీల్లేదు. బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి కడవలో పోస్తే తెచ్చుకోవాలి. దయ రాని రోజు ఖాళీ కడవతో రావాలి. అందుకని ప్రెస్సుకు సెలవులున్నప్పుడు నలుగురు కలిసి సందులోనే బావి తవ్వుకున్నారు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారనీ, ఆ బావి పూడుస్తారనీ తెలిసింది. చరిత్ర సంఘం వాళ్ళ జాబితాలో ఉన్న చోట్లను మాత్రం ముట్టుకోరట. సంఘం అధ్యక్షుడు, తర్వాత ఆ పుస్తకం రాసిన రిటైరైన ఆఫీసరు గారు, రెండో శనివారం పెద్దలందరినీ వెంటబెట్టుకుని పాత ఊరంతా నడిపించి, ఆగిన చోట్లన్నీ రాసుకుంటాడు. ఆ నడక సందులోకి తిరిగి బావి దగ్గర ఆగితే బావి మిగులుతుంది. ఆగకపోతే పోతుంది. మాస్టారికి కావాల్సింది ఆ ఒక్క ఆగడమే.

ఆ రోజు పొద్దున్న బయల్దేరుతూ నాతో అన్నాడు. “ఒరేయ్, ఇవాళ నువ్వు నోరు తెరవొద్దు. ఆయన ఏం చెప్పినా సరే. నీకు దణ్ణం పెడతా.”

“నేనెందుకు తెరుస్తాను?”

“తెరవకపోతే ఈడు బతకడు బావా,” అన్నాడు దర్జీ. “నోటికి నాలుగు కుట్లెయ్యమంటావా? సూదీ దారం జేబులోనే ఉన్నాయి.”

నలభై మంది దాకా పోగయ్యారు. ప్లీడర్లు, డాక్టర్లు, గొడుగులతో వాళ్ళ భార్యలు. ఆఫీసరు గారు టోపీ పెట్టుకుని, చేతికర్రతో, మెడలో వేలాడే చేతిమైకుతో వచ్చాడు. పక్కనే నిలబడ్డవాడికి కూడా ఆ మైకులోనే జవాబు చెప్పేవాడు. మొదటి సందు దాటకుండానే యార్డుకు పోతున్న మిరపకాయ బండి ఒకటి ఎదురైంది. నలభై మందీ ఒక్కసారిగా చేతిరుమాళ్ళు తీసి ముక్కులు మూసుకున్నారు. మిరపకాయా పత్తీ లేకపోతే ఆ ముక్కుల్లో సగం ఈ ఊళ్లోనే ఉండేవి కావు. వాటి మీదే మేడలు కట్టిన ఊరి చరిత్ర తెలుసుకోడానికి ముక్కులు మూసుకుని బయల్దేరిన జనం వాళ్ళు.

ఆఫీసరు గారి చరిత్రలో రాజులూ సైనికులూ తప్ప ఇంకెవరూ లేరు. మొండిగోడ కనిపిస్తే కోట, మురుగ్గుంట కనిపిస్తే అగడ్త. ఒక పాడుపడ్డ దొడ్లో పాత సున్నపు గానుగ రాతి చక్రం పడి ఉంటే దాన్ని కర్రతో తట్టి, “రథచక్రం! ఏ మహారాజు రథమో!” అన్నాడు. ఇంటికి ఇటుక పేర్చిన ప్రతివాడికీ అది గానుగ చక్రమని తెలుసు. ఇల్లు కట్టించుకోవడం తప్ప కట్టడం ఎరగని జనం తలలూపారు. ఒకాయన ఫోటో కూడా తీశాడు. నాకు నోరు దురద పెట్టింది. మాస్టారు నా మోచెయ్యి గిల్లాడు. ఊరుకున్నాను.

పెద్ద వీధి బావి దగ్గరికొచ్చాం. రాతి ఒర అంచు మీద వేలెడు లోతున గాట్లు, వరసగా. ఆఫీసరు గారు టోపీ తీసేశాడు.

“యుద్ధానికి బయల్దేరే ముందు మన సైనికులు కత్తులు నూరుకున్న రాయి ఇది!” మైకు గీపెట్టింది. “ఇలాంటి వీరుల గుర్తులు ఈ ఊళ్లో ఇంకొక్క చోట ఉన్నాయి. కాసేపట్లో చూపిస్తాను.”

ఆ రెండో మాట నాకు వినపడింది. చెవి దాకా వచ్చింది కానీ లోపలికి రాలేదు. అప్పటికే లోపల నా వాక్యం కూర్చుకుంటున్నాను.

“సార్, ఇవి కత్తి గాట్లు కావండి. చేంతాటి గాట్లు. గిలకలు రాకముందు తాడు ఈ అంచు మీదే ఒరుసుకుంటూ పైకొచ్చేది. గాట్లు గుండ్రంగా ఉన్నాయి చూడండి. పైగా అన్నీ బావి లోపలి అంచుకే ఉన్నాయి.”

“అయితే ఆ సైనికులు బావిలోకి ఏలాడతా నూరుకునుంటారు సార్,” అన్నాడు దర్జీ అమాయకంగా.

ప్లీడరొకడు పకపకా నవ్వాడు. నవ్వు గుంపంతా పాకింది. ఆఫీసరు గారి మొహం ఎండుమిరపకాయలా అయింది.

“మీరు ఏ కాలేజీ?” అన్నాడు, ఈసారి మైకు లేకుండా.

“కాలేజీ కాదండి. గ్రంథాలయం.”

ఆ జవాబు అప్పుడు నాకెంత రుచిగా ఉందో చెప్పలేను. మాస్టారి వంక చూశాను, మెచ్చుకుంటాడని. అతను నేల చూస్తున్నాడు.

ప్రెస్సు మూల తిరిగాక సందు మొదట్లో మాస్టారు పరుగులాంటి నడకతో ముందుకెళ్ళాడు. “సార్, ఇటండి.”

“ఇటేముంది?”

“బావి సార్. మొన్న తమరే చూశారు కదా. గాట్లున్నాయి…”

“తాడు గాట్లేనటగా. మీ స్నేహితుడు తేల్చేశాడు. తాడు గాట్లు లేని బావి ఏ ఊళ్లో ఉందయ్యా?”

“బావి తవ్వింది మా తాతలు సార్. ఎందుకు తవ్వాల్సి వచ్చిందంటే…”

“బావులు అందరూ తవ్వుకుంటారు. టైమ్ లేదు.” మైకు లేచింది. “అందరూ పదండి, అవతల సోడా ఏర్పాటు చేశాం!”

నలభై మందీ సోడా వైపు కదిలారు. సందులోకి ఒక్కడు కూడా తొంగి చూడలేదు.

మేం ముగ్గురమే లోపలికి వెళ్ళాం. మాస్టారి తల్లి బావి ఒరకు కొత్తగా సున్నం వేసింది. చుట్టూ కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టింది. నాలుగిళ్ళలో అడిగి తెచ్చిన గ్లాసులు బల్ల మీద బోర్లించి ఉన్నాయి. పక్కన పెద్ద గంగాళం నిండా నిమ్మకాయ నీళ్ళు, ఆ బావి నీళ్ళతోనే కలిపినవి.

“రండయ్యా. మిగతావోళ్ళు ఎనకాల వత్తన్నారా?”

“ఇంతేనమ్మా,” అన్నాడు మాస్టారు.

అప్పుడు నాకు చెప్పాడు. వారం ముందు తనే ఆఫీసరు గారిని తీసుకొచ్చి బావి చూపించాడు. ఆయన గాట్లు తడిమి కత్తులంటూ ఎగిరి గంతేశాడు. మాస్టారు కాదనలేదు.

“అబద్ధమని నీకు తెలుసు కదరా?” అన్నాను.

“ఆ తాడు లాగింది మా నాయనమ్మరా. నాకు తెలవదా?”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఊరుకుంటావంట్రా నువ్వు? నోరు తెరవొద్దని దణ్ణం పెట్టినా ఆగలేదు.”

దర్జీ బల్ల మీద బోర్లించిన గ్లాసుల్లో మూడు తిప్పి పెట్టాడు. తన జోకు కూడా అందులో ఉందని అతనికి తెలుసు.

ఆమె మా ముగ్గురికీ గ్లాసులు నింపింది. అంతా విని, కొడుకు వైపు తిరిగి, “కత్తులు నూరుకోటానికా మనోళ్ళు తవ్వింది? తాగటానికి. ఈ పిల్లోడు అబద్ధం చెప్పాడా ఏంది?” అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన నిమ్మకాయ నీళ్ళు సందంతా పంచింది.

తర్వాత నేను ఆఫీసరు గారికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. గెజిటీరు మళ్ళీ మొదటినుంచి వెతికాను. ఆ సందు పేరే లేదు. వానలు వెలిశాక లారీల్లో రాళ్ళు తెచ్చి బావి పూడ్చారు. ఆ పైన పుస్తకం అచ్చయింది. అందులో పెద్ద వీధి బావి ఉంది, ‘సైనికులు కత్తులు నూరిన శిల’ అన్న శీర్షిక కింద, ఫోటోతో సహా. నేను చెప్పిన నిజాన్ని ఆయన ఒక్క సందులో బావి విషయంలోనే నమ్మాడు, అది కూడా సందులోకి రాకుండా తప్పించుకోడానికి పనికొచ్చింది కాబట్టి.

ఇలాంటి రచన చివర సాయపడినవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. వీళ్ళు పేర్లు వద్దన్నారు. అందుకని పేర్లు లేకుండానే చెబుతున్నాను. తేదీలు గుర్తు చేసి, తన జోకును కొట్టెయ్యొద్దని పట్టుబట్టిన దర్జీకి. రాయమని అడగకపోయినా, రాశాక రెండుసార్లు చదివి ఒక్క మాటా మార్చమని అనని మాస్టారికి. ఆ స్టూలును ఇన్నేళ్ళూ పారెయ్యని గ్రంథాలయానికి. పూడ్చే ముందు రోజు ఒర రాయి ఒకటి పెకలించి ఇవ్వడానికి ఒప్పుకున్న మేస్త్రీకి. గాట్లున్న ఆ రాయి ఇప్పుడు మాస్టారి గుమ్మం ముందు మెట్టుగా ఉంది. బావి తవ్విన నలుగురి పేర్లూ, ఎవరు ఎన్ని మూరలు తవ్వారో తడుముకోకుండా చెప్పిన మాస్టారి తల్లికి. ఆ పేర్లు నేను విడిగా ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె దాన్ని తన బైబిల్లో పెట్టుకుంది. అక్కడినుంచి వాటిని తీసి అచ్చు వెయ్యడం నా పని కాదు.