పాపాయి పుడితే ఎన్ని ట్రేలు?

ఆ రోజుల్లో మిషిగన్ మొత్తం మీద నాకు తెలిసిన వెచ్చటి చోట్లు రెండే. ఒకటి మా అపార్ట్‌మెంట్‌లో పొయ్యి పక్క, రెండోది మా ఊరు నోవై లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ. మొదటిచోట ఉంటే వంట చేయాల్సి వస్తుంది కనుక రెండోదాన్ని ఎంచుకున్నాను. పెళ్లయి అప్పుడప్పుడే అమెరికా వచ్చాను. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు, బయట మోకాలి లోతు మంచు. మా ఆయన పొద్దున ఆఫీస్‌కి వెళుతూ నన్ను లైబ్రరీ దగ్గర దింపి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేవారు (చూసినవాళ్లు నేనక్కడ ఉద్యోగం చేస్తున్నాననుకునేవారు, ఆ అభిప్రాయాన్ని చెరపడానికి నేనూ పెద్దగా శ్రమపడలేదు). తెలుగువాళ్లెవరు కలిసినా, “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగేవారు. “ఇంట్లోనే” అంటే, “ఓ, ఖాళీయేనన్నమాట!” అనేవారు. ఆ ‘ఖాళీ’ అనే మాట మంచుకన్నా చల్లగా తగిలేది.

ఆ కుర్చీలోంచి చేయి చాస్తే అందే అరలో ఉన్నవి జనాభా, వలసల పుస్తకాలు. అక్కడ తోటపని పుస్తకాలుండి ఉంటే ఈపాటికి గులాబీల మీద పెద్ద పండితురాలినయ్యేదాన్ని. ఏం చేస్తాం, నా రాత జనాభాలో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పుస్తకమే చదివాను. పుట్టినవాళ్లలోంచి పోయినవాళ్లను తీసేస్తే మిగిలేది సహజ పెరుగుదల అనీ, దానికి వచ్చిన వలస కలిపి, వెళ్లిన వలస తీసేస్తే ఊరి అసలు లెక్క తేలుతుందనీ తెలుసుకున్న రోజు నాకు రెక్కలొచ్చినట్టయింది. మనుషుల్ని ఉన్నచోటి నుంచి నెట్టే కారణాలు కొన్ని, కొత్తచోటికి లాగే కారణాలు కొన్ని ఉంటాయట. ఒకడు వెళ్లి స్థిరపడితే వాడి వెనక తమ్ముడూ, స్నేహితుడూ, స్నేహితుడి బావమరిదీ కదిలి రావడాన్ని గొలుసు వలస అంటారట. చదివి తల ఎత్తితే ఊరంతా పుస్తకంలాగే కనిపించేది. పక్క బిల్డింగ్‌లో ఉండే కుర్రాడు చలికి తట్టుకోలేక టెక్సస్ వెళ్లిపోతుంటే, అందరూ అయ్యో అంటుంటే, నేను మాత్రం “నెట్టే కారణం!” అన్నాను. మా ఆయన నా చేయి పట్టుకుని పక్కకు లాగారు. అది లాగే కారణం.

మా తెలుగువాళ్లకు ప్రెసిడెంట్ అంకుల్ అని ఒక పెద్దాయన ఉండేవారు. పండగలూ భోజనాలూ అన్నీ ఆయనే చూసుకునేవారు. కార్తీకమాసంలో ఇక్కడ చెట్టు కింద కూర్చుంటే మనిషి గడ్డకట్టిపోతాడు కాబట్టి మా వనభోజనాలు జూన్‌లో జరిగేవి. ఎంతమందికి వంట చెప్పాలన్నది ఆయన ఆకాశం వైపు చూసి అందాజాగా తేల్చేవారు. ముందు ఏడాది ఆ అందాజా పుణ్యమా అని ఊళ్లో ప్రతి ఫ్రిజ్‌లోనూ వారం రోజులు బగారా అన్నమే ఉందట. అందుకని ఆ ఏడు ఉగాది నాడే నేను ఆయన దగ్గరికి వెళ్లి, “అంకుల్, ఈసారి లెక్క నాకివ్వండి. శాస్త్రీయంగా తేలుస్తాను” అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశారు. “అట్లాగేనమ్మా. నువ్వు చెప్పిన నంబరే రెస్టారెంట్‌కి చెప్తా” అన్నారు. ఈ దేశంలో నాకు ఒకరు నమ్మి అప్పగించిన మొదటి పని అది. సరిగ్గా చేస్తే నేను ఖాళీ మనిషిని కాను. తప్పితే జీవితాంతం ఖాళీ.

ఉగాదికి వచ్చినవాళ్ల సంఖ్యను మూలంగా తీసుకున్నాను. కొత్త ప్రాజెక్టుల మీద ఊళ్లోకి దిగినవాళ్లను కలిపాను, టెక్సస్ పారిపోయినవాళ్లను తీసేశాను. వయసుల పిరమిడ్ కూడా గీశాను. ముప్పైల్లో ఉబ్బి, కింద పిల్లలతో నిండి, పైన పెద్దవాళ్లు లేక బోసిగా, శిఖరం పెట్టడం మరిచిపోయిన గుడిలా వచ్చింది. దాన్ని చూసి మురిసిపోయాను తప్ప, శిఖరం ఏమైందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

“ఈ వేసవికి డెలివరీలు చాలా ఉన్నాయమ్మా, చూసుకున్నావా?” అని అంకుల్ ఫోన్‌లో అడిగారు.

“చూసుకున్నాను అంకుల్. వాళ్లింకా అన్నం తినరు. సున్నా వేశాను” అన్నాను.

“భలే! నాకు తట్టనే లేదు సుమా” అన్నారాయన.

మా ఆయన మాత్రం, “థియరీ బావుంది. ఎందుకైనా మంచిది, నాలుగు ట్రేలు అన్నం ఎక్స్‌ట్రా చెప్పు” అన్నారు.

“ఎక్స్‌ట్రా చెప్పాక ఇంక శాస్త్రం ఎందుకండీ?” అన్నాను. ఆ వాక్యం మా ఇంట్లో ఇప్పటికీ బతికే ఉంది. నేను ఉప్పు డబ్బా ఇంకోటి కొన్నప్పుడల్లా మా ఆయన ఆ వాక్యాన్ని బయటికి తీస్తారు.

జూన్‌లో ఆ ఆదివారం పార్కులో చెరువు పక్క, పందిరి లాంటి షెల్టర్‌లో ట్రేలన్నీ వరసగా పేర్చి, చేతిలో గరిటెతో సేనాపతిలా నిలబడ్డాను. మొదటి మినీవాన్ వచ్చింది. భార్యాభర్తలు దిగారు. బుట్టలో పాపాయి దిగింది. సున్నా, అనుకున్నాను. తర్వాత పక్క తలుపు జరిగి అమ్మమ్మ దిగింది, నేతచీర కింద తెల్ల స్నీకర్లతో. వెనకే తాతయ్య, జూన్ ఎండలో మంకీ క్యాప్‌తో. ఆఖరి సీట్లోంచి నానమ్మ, ఇంకో తాతయ్య. రెండో వాన్‌లోనూ అంతే. మూడోదాంట్లోనూ అంతే. మినీవాన్‌కి మూడో వరస ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు తెలిసింది.

పుస్తకాల్లో జననాలది ఒక అధ్యాయం, వలసలది ఇంకో అధ్యాయం. మనవాళ్లలో రెండూ ఒకే అధ్యాయం! ఇక్కడ పాపాయి పుట్టిందంటే అక్కడ రెండు ఇళ్లకు తాళాలు పడతాయి. ముందు పురిటికి అమ్మాయి తరఫువాళ్లు వస్తారు, పురుడయ్యాక పాపాయిని చూడ్డానికి అబ్బాయి తరఫువాళ్లు దిగుతారు. కొన్నాళ్లు ఒకే ఇంట్లో నలుగురూ ఉంటారు. చలి తగ్గాక రావాలని అందరూ అనుకుంటారు కాబట్టి ఆ కొన్నాళ్లు ఎప్పుడూ జూన్‌లోనే పడతాయి. నేను వేసిన ప్రతి సున్నా నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. నా పిరమిడ్‌కు శిఖరం వచ్చి కూర్చుంది, అదీ ఆకలితో.

సగం మంది తినేసరికి ట్రేల అడుగులు కనిపించాయి. “ఏమ్మా, జనాభా కాస్త ఎక్కువైనట్టుందే?” అన్నారు అంకుల్, లైను చివర చూస్తూ. మా ఆయన చెవి దగ్గరికొచ్చి, “పిజ్జా చెప్పనా?” అన్నారు. వనభోజనాల్లో పిజ్జా! నా పేరు చెప్పుకుని ఊరంతా పిజ్జా తింటుందన్న ఆలోచనకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మొదటి వాన్‌లో వచ్చిన అమ్మమ్మ, వరంగల్ ఆవిడ, ఖాళీ ప్లేటుతో నా ముందు నిలబడింది.

“ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?”

“మీ అందరినీ లెక్కలో వేసుకోలేదు అమ్మమ్మా” అన్నాను.

“ఏందీ? ఇంతమందిమి కండ్ల పడలేదా?” అని ఆవిడ నవ్వింది. “సరే తియ్యి. ఇంట్ల బియ్యం ఉన్నయా లేవా? గది చెప్పు.”

ఆవిడ వియ్యపురాలు, భీమవరం నానమ్మగారు, అప్పటికే కొంగు నడుముకు దోపేశారు. “బియ్యం లేని తెలుగిల్లు ఎక్కడైనా ఉంటుందా వదినగారూ? అబ్బాయ్, నువ్వు కారు తియ్యి. కుక్కర్లు, నిమ్మకాయలు, పెరుగు, ఆవకాయ, ఎవరింట్లో ఏవుంటే అవి పట్టుకురా” అని మా ఆయన్ని పురమాయించారు.

ముప్పావుగంటలో షెల్టర్ నిండా రైస్ కుక్కర్లు. అన్నీ ఒకేసారి ప్లగ్‌లో పెట్టేసరికి టప్‌మని కరెంటు పోయింది. ఒక చోటు ఎంతమందిని మోయగలదో అంతమందినే మోస్తుందని పుస్తకంలో చదివి చదివి గీత గీసుకున్న ముక్క నాకు ఆ టప్‌తో పూర్తిగా అర్థమైంది. “సగం కుక్కర్లు ఆ పక్కనున్న ఖాళీ షెల్టర్‌కి వలస పోవాలి!” అని కేకేశాను. పోయాయి. ఫ్యూజ్ మళ్లీ వేస్తే ఇక్కడా కరెంటు వచ్చింది. ఉడికాయి. అమ్మమ్మలూ నానమ్మలూ వాటి చుట్టూ చేరారు.

“పోపు నాకొదిలెయ్యండి వదినగారూ. మీ చేతి కారం పిల్లలు తట్టుకోలేరు.”

“పోపు నువ్వే ఏస్కో వదినా. కారం లేకుంటే గది పులిహోర గాదు, జొరమొచ్చినోళ్ల బువ్వ!”

చివరికి రెండు రకాల పులిహోర తయారైంది. పెరుగన్నం సరేసరి. తాతయ్యలు చెరువు గట్టు మీద బాతుల్ని తప్పించుకుంటూ మూడోసారి వడ్డించుకోవడానికి వచ్చారు. రెస్టారెంట్ ట్రేల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను తలదించుకుని గరిటె కడుగుతుంటే అంకుల్ వచ్చారు. ఆయన అడగకముందే అంతా చెప్పేశాను: ఉగాది లెక్కకూ జూన్ లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో, పాపాయికీ విమానానికీ సంబంధమేమిటో, సున్నా ఎక్కడ నలుగురైందో. చెబుతూ చెబుతూ బల్ల మీద మెంతికారంతో పిరమిడ్ కూడా గీశాను. ఆయన చివరిదాకా విని, అందరికీ వినబడేలా, “వచ్చే ఏడాది లెక్క కూడా ఈ అమ్మాయిదే. తప్పెక్కడొచ్చిందో తెలిసిన మనిషి మనకు దొరకడం ఇదే మొదటిసారి” అన్నారు. ఆ మాటతో నాకు పట్టా పుచ్చుకున్నట్టనిపించింది. మర్నాటి నుంచి ఊళ్లో నా పేరు సెన్సస్ అక్క. మళ్లీ ఎవరూ నన్ను ఖాళీనా అని అడగలేదు.

మరుసటి ఏడు నేను అందరినీ ఒక్కటే ప్రశ్న అడిగాను: “ఎవరింట్లో పాపాయి?” వంట సరిగ్గా సరిపోయింది. మిగిలిన ఒక్క డబ్బా పెరుగన్నాన్ని అంకుల్, గెలుపు గుర్తుగా, ఇంటికి పట్టుకెళ్లారు.

మొన్న మా అమ్మాయి హైస్కూల్ పుస్తకం తెచ్చి వంటింటి గట్టు మీద పరిచింది. “అమ్మా, నాచురల్ ఇంక్రీజ్ అంటే బర్త్స్ మైనస్ డెత్స్, రైట్?”

“రైటే. ఒక పాప పుడితే జనం ఎంత పెరుగుతారు?”

“వన్. ఆబ్వియస్లీ.”

“అయిదుగురు” అన్నాను.

“అమ్మా! టెస్ట్‌లో అలా రాస్తే పాయింట్స్ పోతాయి.”

“పోతే పోనీ. అన్నం మాత్రం అందరికీ అందుతుంది.”

అది నన్ను వింతగా చూసి పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం చెరువు పక్క షెల్టర్‌లో, గరిటె పట్టుకుని, సున్నాలన్నీ సరిగ్గా వేశానన్న ధీమాతో గడ్డం పైకెత్తి నిలబడ్డ ఆ పిల్ల, అప్పటి నేను, కనిపించింది. మినీవాన్ ఇంకా రాలేదు. నేను దాన్ని హెచ్చరించలేదు. నిలబడనీ, ఇంకో నిమిషం.