రెండో పిలుపు

అడవిలో పేరు ఒక్కసారే వినిపిస్తే పలకకూడదని ఉంగట్ చనుబాలతోపాటే నేర్చుకున్నాడు. మనిషైతే రెండోసారి పిలుస్తాడు. అంతు అనే అడవి దయ్యానికి అంత ఓపిక ఉండదు. రెజాంగ్ ఏటి ఒడ్డున అతడు పుట్టిన, ఊరంతా ఒకే కప్పు కింద ఉండే పొడుగింట్లో ఈ సంగతి కుక్కలకు కూడా తెలుసుననేవారు.

సముద్రం అవతలి పహాంగ్ అడవుల్లో తిరుగుబాటుదారుల జాడ తీయడానికి ఇంగ్లీషు పటాలం అతణ్ణి తీసుకుపోయిన ఏడు, పిన్నికొడుకు జింబున్ కూడా వెంట బయలుదేరాడు. పడవ దగ్గర పిన్ని ఏడవలేదు.

"ఇద్దరు పోతున్నారు. ఒక్కడివే వస్తే నా ఇంటి మెట్లెక్కకు" అంది.

ఆ అడవిలో తుపాకీ కంటే ముందు కన్ను ఓడిపోయేది. పది అడుగుల అవతల పచ్చని గోడ. ఆకుల కప్పు కింద రేడియో కాసేపు గొణిగి ఊరుకునేది. బూట్లలో పాదాలు నానిపోయేవి. మిగిలింది చెవి ఒక్కటే, అది శత్రువుకూ ఉంది. అందుకే దళాన్ని నడిపే తెల్లదొర, అందరూ తువాన్ అనేవాడు, ఎవరినీ పేరెత్తి పిలవనివ్వలేదు.

"అన్నా, తువాన్‌కీ అంతు భయం ఉందే!" అని జింబున్ గుసగుసలాడాడు.

"నీ నోటికి జలగ పట్టా! నడు."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కుండపోత. వాన వెలిశాక చూసుకుంటే, చివర నడుస్తున్న జింబున్ లేడు. ఉంగట్ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. నీళ్ళు నిండిన అడుగులు ఒక వేరు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆపైన ఎవరూ తొక్కని నేల. కీచురాళ్ళు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

"ఉంగట్!"

గొంతు జింబున్‌దే. కాని వాడు ఏనాడూ అన్నను పేరు పెట్టి పిలిచి ఎరుగడు. ఉంగట్ తెరిచిన నోరు మూసి, రెండో పిలుపు కోసం ఆగాడు. కీచురాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. ఏమీ కనిపించలేదని తిరిగొచ్చి చెప్పాడు. వినిపించలేదని మాత్రం అనలేదు. నొప్పి మర్యాదలు పాటిస్తుందా, వాడే పేరు పెట్టి పిలిచాడేమో అన్న ప్రశ్న అతణ్ణి రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

తెల్లవారగానే తువాన్ చెవిలో ఊదినట్టు అన్నాడు: "తిరుగుబాటుదారుల శిబిరం గంట నడకలో ఉందన్నావు. ఒక్కడి కోసం పది రోజుల పని పారబొయ్యలేను. కదులు."

"నేను మెట్లెక్కాలి తువాన్."

తువాన్‌కు అది బోధపడేలోగా ఉంగట్ చేతులు దోనెలా పట్టి అరిచాడు. "జింబున్! ఒరే జింబున్!"

తువాన్ అరచెయ్యి అతడి నోటిమీద పడింది. వచ్చిన దారి పక్కన, చెట్లపొదలు కప్పేసిన గండిలోంచి సన్నగా వినిపించింది.

"అన్నా... అన్నా..."

మోకాలి కింద ఎముక విరిగి ఉంది. కాలిని కర్రలకు కట్టి మోసుకొస్తూ ఉంగట్ అడిగాడు: "నిన్న ఒక్కసారి పిలిచి ఊరుకున్నావేరా, గాడిదా?"

జింబున్ తెల్లబోయి చూశాడు. "నేనా? పిలిచింది నువ్వు కదా! ఒకే ఒక్కసారి. పలకడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా?"

ఉంగట్ వెనక్కి చూడకుండా అడుగు వడి పెంచాడు.

శిబిరంలో కెటిల్ ఇంకా వేడిగానే ఉంది. మనిషి పొడ లేదు. తువాన్ ఉంగట్‌ను ఇంటికి పంపేశాడు. ఆ కోపంలో అన్యాయం లేదని ఉంగట్ చివరిదాకా ఒప్పుకునేవాడు, చేసిన పనికి మాత్రం ఎన్నడూ చింతించలేదు. పిన్ని మెట్ల మీద నిలబడి, ఒకడు కర్రల మీద ఒరిగి ఉన్నా, ఇద్దరినీ లెక్కపెట్టుకుని పక్కకు తప్పుకుంది.

నలభై ఏళ్ళు ఇద్దరూ మిరియాల తోట చేశారు. ఒకరినొకరు ఎప్పుడూ రెండుసార్లు పిలుచుకునేవారు. పిల్లలు నవ్వేవారు. జింబున్ జ్వరంతో పోయాడు.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం, అన్నానికి పిలవడానికి ఉంగట్ కూతురు తోటకు వెళ్ళింది. కీచురాళ్ళ చప్పుడు లేదు. ఉంగట్ దోసిలి నిండా పచ్చి మిరియాలతో అడవి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"అయ్యా, ఏమిటక్కడ?"

"ఉష్, ఉండు తల్లీ" అన్నాడు. "ఈసారి 'అన్నా' అనే పిలిచాడు. ఇంకొక్కసారి పిలవనీ."