స్వరూపక్క అడిగిన డిగ్రీ కాలేజీ

కుట్టడానికి ఇచ్చిన జాకెట్లు తెచ్చుకుందామని ఈ రోజు సాయంత్రం స్వరూపక్క దగ్గరికి వెళ్ళాను. అదే సమయానికి ఉప ఎన్నికలో నిలబడ్డ ఒక అభ్యర్థి ఓట్లడుగుతూ వచ్చారు. అక్క మిషను ఆపి, మన మండలానికి సర్కారు డిగ్రీ కాలేజీ ఎప్పుడొస్తుందని అడిగింది. ప్రైవేటు ఫీజులు కట్టే స్తోమత ఆమెకు లేదు.

"తెలంగాణ రానియ్యి అక్కా, అన్నీ వస్తయి," అన్నారాయన.

"రావాలె అన్నా. దీక్ష టెంటు కింద నేను గూడ కూసున్న. గని నా బిడ్డ ఇంటర్ ఈ యేడే అయిపాయె. తెలంగాణ వచ్చేదాక దాన్ని ఏ క్లాసుల కూసోవెట్టాలె?"

వెంట ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "దానికి నా దగ్గర జవాబు లేదక్కా," అన్నారు మెల్లగా.

ఆయన వెళ్ళాక, పాపం ఏమీ చెప్పలేకపోయాడన్నాను. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, "లేదని ఒప్పుకున్నడు, గదే నయం. పొద్దుగాల వచ్చినాయన ఏకంగా మెడికల్ కాలేజే తెస్తనన్నడు," అంది.

అమ్మాయి మాత్రం జనగామ కాలేజీ దరఖాస్తు తెచ్చుకుంది. రోజూ రెండు బస్సులు మారాలి. మీ ఊరికి వచ్చిన అభ్యర్థుల్లో ఎవరైనా కాలేజీ మాట ఎత్తారా?