ఒక్క రోజు బదలుకు జామీనుదారు

మా కళాశాల అర్థశాస్త్రోపన్యాసకులు లక్ష్మీకాంతరావు గారు దివంగతులైనారన్న వార్త మొన్న ఉదయం నాకు కరీంనగరం క్షౌరశాలలో, సగం గడ్డం గీసి ఉండగా తెలిసింది. శోకోపహతుణ్నై లేచాను. మంగలి భుజం పట్టి కూర్చోబెట్టాడు. మిగతా సగం పూర్తయ్యేదాకా దుఃఖించే సౌకర్యం కూడా లేకపోయింది.

హృద్రోగం ఆయనకు చిరకాల మిత్రుడు. ఏనాటికైనా మాట నిలబెట్టుకునే రకం. అది తెలిసీ దిగ్భ్రాంతి కలిగింది. దాని వెనుకనే, చెప్పడానికి సంకోచంగా ఉంది గాని, పెద్ద ఊరట కూడా కలిగింది. ఆయన జామీను తీర్చుకునే పోయారు.

నిజాం నాణెమైన హాలీ సిక్కా పోయి భారత ప్రభుత్వపు కల్దారు రూపాయి వచ్చిన రోజుల్లో ఆయన ఉద్యోగంలో చేరారు. "నాణెం మారిననాడు సంతల ఎవడు ముందుగాల మోసపోతడో చూడండ్రి. ప్రపంచ ద్రవ్యవ్యవస్థ అంత గక్కడనే ఉన్నది" అన్నది ఆయన తొలి పాఠం. లోకానికి అప్పులిచ్చే మహాసంస్థల్లో సొమ్మును బట్టి నోరు ఉంటుందనీ, పుచ్చుకునే దేశాలకు చెవులు మాత్రమే మిగులుతాయనీ, అక్కడ ఓటుకు దేశానికొక చెయ్యి లేచేదాకా పేద దేశాలు తమలో తామే చేతులు కలపాలనీ ఆజన్మాంతం బోధించారు. విద్యార్థులు శ్రద్ధగా రాసుకున్నారు. పరీక్షల్లో ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు.

ఈ సిద్ధాంతానికి ప్రయోగశాల హుస్నాబాద్ దగ్గర ఆయన పిత్రార్జిత భూమి ఉన్న గ్రామంలో దొరికింది. అక్కడ కలుపు తీతకు కూలి ఇవ్వలేని రైతులు బదలు చేసుకుంటారు. ఈ రోజు నా చేనికి నువ్వు వస్తే, రేపు నీ చేనికి నేను వస్తాను. మధ్యాహ్నం మొక్కజొన్న రవ్వతో వండిన గట్క పెట్టడం చేనుగలవాళ్ల మర్యాదే గాని కూలి కాదు. చేసిన రోజుకు చేసిన రోజే జవాబు.

టాంగన్యికా అనే ఆఫ్రికా దేశం కొత్తగా స్వతంత్రమైన రోజుల్లో అక్కడి సహకార శాఖ ఉద్యోగి జుమా మన సహకార సంఘాలను చూడడానికి వచ్చాడు. బ్లాకు అధికారి షామియానా వేయించి బిస్కెట్లు తెప్పించాడు. లక్ష్మీకాంతరావు గారు అతిథిని షామియానా వెనుక నుంచి తప్పించి అదే ఊరి రైతు రాజవ్వ చేనికి తీసుకుపోయారు. వెంట నేనూ ఉన్నాను, బిస్కెట్లను వెనుదిరిగి చూసుకుంటూ.

రాజవ్వ గట్క పెట్టింది. జుమా తిని, చేతులు కడుక్కుని, చేలోకి దిగాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజవ్వ అతణ్ని మునుం పట్టిన వరుస మధ్యలోకి రమ్మంది.

"అతిథి గదా అవ్వా, అంచుకు ఉండనీయరాదు" అన్నారు లక్ష్మీకాంతరావు గారు.

"అంచుకు పరాయోళ్లను నిలవెడ్తం సారూ. పిలగాని చెయ్యి జూస్తే మనోని తీరుగనే ఉన్నది."

పొద్దు వాలేదాకా అతను కలుపు తీశాడు. బ్లాకు అధికారి గట్టు మీద నిలబడి గడియారం చూసుకున్నాడు. పని ముగిశాక రాజవ్వ అడిగింది.

"గీ పిలగాని బదలు మేమెన్నడు దీర్చాలె? వీళ్ల ఊరేడ?"

"సముద్రం అవతల."

"గట్లయితె ముందుగాల జెప్పాలె గద సారూ. మేం జేపిచ్చుకోకపోదుము."

"వీళ్లమ్మకు మక్కచేను ఉన్నదట. గా చేన్ల ఒక్కరోజు పని మన ఊరి మీద ఉన్నది. నేను జామీను" అన్నారు ఆయన. నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు.

అది మొదలు ప్రతి వానాకాలం రాజవ్వ ఆయనను దారికి అడ్డం నిలిచి అడిగేది. బదలు తీర్చని ఊరని పేరు పడితే ఎవరు పిలుస్తారన్నది ఆమె దిగులు. ఈలోగా ఆ దేశం పేరు టాంజానియాగా మారింది. ఆమెకు కొంత ఉపశమనం కలుగుతుందని ఆ మాట నేనే చెప్పాను.

"పేరు మారితె బాకీ పోతదా సారూ? మన హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ అయింది. షావుకారి బాకీ పోయిందా?"

అంతర్జాతీయ న్యాయం మీద నా వ్యాఖ్యానం అంతటితో ముగిసింది.

రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు, సహకార శిక్షణలో బోధించడానికి ఆ దేశం పోయే అవకాశం లక్ష్మీకాంతరావు గారికి వచ్చింది. వైద్యుడు ఓడ ఎక్కవద్దన్నాడు. నేనూ వద్దన్నాను. "జామీను నిలిచినోడు మంచం మీద సచ్చుడు బాగుండదయ్యా" అని బొంబాయికి బండెక్కారు. ఆయన తిరిగివచ్చేదాకా తపాలా బంట్రోతు మా వీధిలోకి వస్తే నాకు భయంగా ఉండేది.

చిక్కి వచ్చారు గాని, వచ్చారు. నేరుగా ఊరికి పోయి రాజవ్వ ముందు నిలిచారు. మా వైవా పరీక్షలు ఇంత కఠినంగా ఉండవు.

"మునుం పట్టినవా, గట్టు మీద కూసున్నవా?"

"పట్టిన అవ్వా. జుమా వాళ్లమ్మ పక్కపొంటి."

"ఏడ నిలవెట్టిండ్రు?"

"నడిమిట్ల."

ఆమె ముఖం తేటపడింది. "తిననీకె ఏం బెట్టిండ్రు?"

"మక్క గట్కనే."

"గంత దూరం బోయి మల్ల గట్కనేనా సారూ" అని ఆమె నవ్వింది. ఆయన అక్కడే గట్టు మీద కూలబడి, చాలాసేపు హాయిగా నవ్వారు. ఆ రోజు తరువాత బతికినదంతా మిగులే అనేవారు. వైద్యుడు కూడా ఏకీభవించాడు.

"బాకీ మొత్తం తీరితె షావుకారికి సంతోషం. పొత్తులకు మాత్రం జరంత మిగలాలె" అన్నది ఆయన చివరగా నాతో అన్న మాటల్లో ఒకటి. అది ఆర్థిక సూత్రమనుకున్నాను.

నిన్న ఆయన ధర్మపత్నిని పలకరించడానికి ఆ ఊరు పోయాను. వాళ్ల చేలో రాజవ్వా, ఆమె తోటివాళ్లూ కలుపు తీస్తున్నారు. ఎవరూ పిలవలేదట.

"సారు మా ఊరి రోజు జేసి వచ్చిండు గద. గా రోజు మా మీద ఉండె" అంది రాజవ్వ.

సాయంత్రానికి చేను అద్దంలా అయింది, నడుమ ఒక్క సాలు తప్ప. అందులో గడ్డి అట్లాగే ఉంది. మరచిపోయారేమోనని చూపించాను.

"మరిసిపోలే. కావాల్ననే ఇడిసిపెట్టిన. మొత్తం దీరితె సారుకు మాకు ఇగ ఏముంటది?"

తీరని లోటు అని రాసి ముగించడం ఆనవాయితీ. ఆయన స్థానాన్ని పూరించగలవారు నాకూ కనబడడం లేదు. కాని ఆ సాలు చూశాక మనసు కుదుటపడింది. చెప్పులు విడిచి, దాని మొదట నిలబడి, ఆ మహనీయునికి నమస్కరించి వచ్చాను.