మా చెల్లి మందు, వాళ్ళింటి ఫ్రిజ్

మా చిన్నప్పుడు... తాడేపల్లిగూడెంలో మా వీధి మొత్తానికి ఫ్రిజ్ ఒక్కటే. పొద్దున్నే అమ్మ ఆ ఇంటి పెరటి తలుపు దగ్గర నిలబడి, "వదినగారూ... ఒక్కసారి సీసా ఇస్తారా అండీ" అని పిలిచేది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. పలికేవారు కాదు. పలికేదాకా అమ్మ నిలబడేది.

సీసా అంటే ఇన్సులిన్. మా చెల్లి సుజాతకి రెండో తరగతిలోనే షుగర్ వచ్చింది. "వేడి తగలకూడదమ్మా, ఫ్రిజ్‌లోనే ఉంచాలి" అన్నారు ఏలూరు డాక్టరుగారు. నాన్నది మార్కెట్ యార్డులో కాటా దగ్గర పని, మాకు ఫ్రిజ్ ఎక్కడిది? రైస్ మిల్లు మేనేజరుగారి భార్యని అడిగింది అమ్మ. వీధి పిల్లలంతా పిలిచినట్టే మేమూ పిన్నిగారు అనేవాళ్ళం ఆవిడని. "దానికేం భాగ్యమండీ, పెట్టుకోండి" అన్నారు. ఎంత మంచి మనసో అని వీధంతా చెప్పుకున్నారు.

ఆ తర్వాత మొదలైంది... "పిల్లలకి షుగరేమిటండీ, ఎక్కడా వినలేదే. అంటుకునేదేమో కనుక్కున్నారా?" అని నవ్వుతూనే అడిగేవారు. సీసాని పాలగిన్నెకి దూరంగా ఓ తుప్పు పట్టిన రేకుడబ్బాలో పెట్టించారు. డబ్బా ముట్టుకున్న ప్రతిసారీ చెయ్యి కడుక్కునేవారు, అమ్మ చూస్తుండగానే. సుజాతతో ఆడొద్దని వీధి పిల్లలందరికీ ఇళ్ళల్లో చెప్పారు.

మా గోదావరి జిల్లాల మర్యాద గురించి అందరూ గొప్పగా రాస్తారు. నిజమే. మా వీధిలో ఒక్కరూ అమ్మని నువ్వు అనలేదు. అన్నీ 'అండీ' పెట్టే అన్నారు.

ఓ రోహిణీ కార్తెలో సుజాత ఉన్నట్టుండి చెంబులకి చెంబులు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. అమ్మ సూది వేస్తూనే ఉంది, దాహం తగ్గట్లేదు. మర్నాటికి వాంతులు. ఆ సాయంత్రానికి పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది, పిలిస్తే కళ్ళు తెరవట్లేదు. నాన్న భుజాన వేసుకుని స్టేషన్‌కి పరుగు... రైల్లో ఏలూరు వెళ్ళేదాకా అమ్మ దాని బుగ్గలు తడుతూనే ఉంది.

డాక్టరుగారు అమ్మ వెంట తెచ్చిన సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు. లోపల తెల్లగా ఉండలు కట్టి ఉంది.

"ఇది ఎండలో పెట్టారా అమ్మా?"

"లేదండీ... ఫ్రిజ్‌లోనే ఉందండీ."

"ఫ్రిజ్‌లో ఉంటే ఇలా అవ్వదమ్మా. ఇది మందు కాదిప్పుడు, ఉత్త నీళ్ళు."

సుజాత బతికింది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజే అమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. "సీసా ఎప్పుడైనా బయట పెట్టారా వదినగారూ?" అని అడిగింది. పిన్నిగారు లేదనేలోపే వాళ్ళ అమ్మాయి పద్మక్క అనేసింది, "నా పెళ్ళిచూపుల రోజున పెరట్లో గోడ మీద పెట్టావు కదమ్మా..."

పిన్నిగారు కంగారు పడలేదు. గొంతు కూడా పెంచలేదు. "అవునండీ, పెట్టాను. మగపెళ్ళివారు మంచినీళ్ళకని ఫ్రిజ్ తీస్తే ఆ సూదిమందేమిటని అడగరా? ఇంట్లో ఎవరికో రోగమనుకోరా? మా పిల్ల పెళ్ళి మాకు ముఖ్యం కదండీ" అన్నారు.

అమ్మ గట్టిగా ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళంతా పిన్నిగారి పక్కనే నిలబడ్డారు. "ఊరికే పెట్టుకోనిచ్చారు, దానికి సంతోషించాలి గానీ మీదపడిపోతే ఎలాగండీ?" అన్నది ఎదురింటావిడ. ఆవిడ పురిటి రోజుల్లో వంట చేసి పంపింది మా అమ్మే.

ఆ రోజు నుంచి అమ్మ ఆ గడప తొక్కలేదు. డాక్టరుగారు చెప్పినట్టు కొత్త కుండలో ఇసుక పోసి, మధ్యలో ముంత పెట్టి, అందులో సీసా ఉంచి, ఇసుక ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండేది. మేం ఫ్రిజ్ కొనుక్కునేదాకా సుజాత ప్రాణం ఆ కుండలోనే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... ఈ మధ్య పిన్నిగారు పోయారు. మా పాత వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో వాళ్ళబ్బాయి రాశాడు, "మా అమ్మ ఫ్రిజ్ వీధందరిదీ. అప్పట్లో అంతా ఒకే కుటుంబం" అని. కింద దండాలు, పువ్వులు, కన్నీళ్ళ బొమ్మలు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. "పోయినవాళ్ళ గురించి ఇలా రాస్తారా అండీ?" అన్నారు ఒకరు. "సంస్కారం ఉండాలండీ" అన్నారు ఇంకొకరు. కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను... ఇక్కడ ఎవరు తీసేస్తారో చూస్తాను.

సుజాత ఇప్పుడు ఏలూరులో కాలేజీ లెక్చరర్. చేతికి అంటించుకున్న బిళ్ళ దాని షుగర్ ఎంతుందో ఫోన్‌కి చెప్పేస్తుంది, అత్తిలిలో ఉన్న నా ఫోన్‌కి కూడా. గ్రూపు సంగతి చెబితే పోనీలే అక్కా అంటుందనుకున్నాను. అనలేదు.

"ఎండలో పెట్టింది, సరే... తెలియక పెట్టింది అనుకుందాం. పెళ్ళివారు వెళ్ళాక మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు అమ్మ చేతికిచ్చింది చూడు... అది నేను మర్చిపోలేనక్కా" అంది.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంటులో పక్కవాళ్ళ పేరు కూడా నాకు తెలియదు. పాత రోజులు పోయాయని అందరూ బాధపడుతుంటారు. నాకు ఆ బాధ లేదు. ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు, అదే పదివేలు... కాకపోతే పండగపూట కాస్త పులిహోర ఎక్కువైతే పక్కింటికి ఇద్దామా అనిపిస్తుంది. ఇవ్వను. మూత పెట్టేస్తాను.

మీ వీధిలో మిమ్మల్ని ఎవరెలా చూశారో మీరూ రాయండి. తియ్యటి కబుర్లు ఎలాగూ అందరూ రాస్తున్నారు... మీరు మింగేసినవి రాయండి.